ఆ పేజీ ఎవరు చదవాలి?

మా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒక కట్టుబాటు ఉంటుంది. వేసవిలో రెండు నెలల కోసం వచ్చిన ఇంటర్న్‌ని ప్రొడక్షన్ సర్వర్ మీద చెయ్యి వెయ్యనివ్వరు. తెలివి లేదని కాదు. ఏదైనా తేడా వస్తే నష్టపోయేది వేరేవాళ్ళు, అతనేమో కాలేజీకి వెళ్ళిపోతాడు. బట్టలమ్మే యాప్ విషయంలోనే ఇంత జాగ్రత్త పడతాం. మరి ఉరిశిక్ష పడిన మనిషి ఫైలు తెచ్చి ఇరవయ్యేళ్ళ లా స్టూడెంట్ చేతిలో పెట్టడం న్యాయమేనా?

ఇదేదో ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. మన దేశంలో అయిదేళ్ళ లా కోర్సు వాళ్ళు కనీసం 20 వారాలు, మూడేళ్ళ కోర్సు వాళ్ళు 12 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలని బార్ కౌన్సిల్ నిబంధన. చాలామంది కార్పొరేట్ లా ఫర్మ్‌లో సీటు దొరికితే చాలనుకుంటారు. కొద్దిమంది మాత్రం లీగల్ ఎయిడ్ వైపు, శిక్ష పడ్డాక మిగిలే అప్పీళ్ళు, రివ్యూలు, క్షమాభిక్ష పిటిషన్ల వైపు వెళ్తారు. వీళ్ళు ఇంకా లాయర్లు కారు. కోర్టులో నిలబడి వాదించలేరు. వకాలత్ వెయ్యలేరు. మరి చేసేదేమిటి?

చదువుతారు. కట్టలు కట్టలుగా ఉన్న ట్రయల్ రికార్డు ముందేసుకుని, సాక్షి పోలీసులకు చెప్పినదానికీ కోర్టులో చెప్పినదానికీ తేడా ఎక్కడుందో వెతుకుతారు. తేదీలు వరసగా రాస్తారు. అనుమతి దొరికితే సీనియర్ల వెంట ములాఖత్‌కి వెళ్ళి ఖైదీ చెప్పేది వింటారు. అతని ఊరు వెళ్ళి అమ్మతో, చదువు చెప్పిన టీచరుతో మాట్లాడతారు. చూడ్డానికి గుమాస్తా పనిలాగే ఉంటుంది.

బ్రయాన్ స్టీవెన్సన్ రాసిన 'జస్ట్ మెర్సీ' మొదలయ్యేది ఇలాంటి పనితోనే. 1983లో ఆయన హార్వర్డ్‌లో లా విద్యార్థి, వయసు 23. మరణశిక్ష పడినవాళ్ళ తరఫున పనిచేసే అట్లాంటా సంస్థలో ఇంటర్న్. జార్జియాలో ఉరిశిక్ష ఖైదీ ఒకతని దగ్గరికి ఆయన్ని ఒంటరిగా పంపుతారు. చెప్పాల్సింది ఒక్కటే మాట: ఇంకో ఏడాదిలోపు నీకు శిక్ష అమలయ్యే ప్రమాదం లేదు. నేను లాయర్ని కాదు, ఉత్త స్టూడెంట్‌ని అని ఆయన ముందే క్షమాపణ చెప్పుకుంటాడు. ఖైదీకి అదేం పట్టదు. ఆ మాటే మళ్ళీ చెప్పమంటాడు. శిక్ష తేదీ వచ్చేస్తుందేమోనన్న భయంతో అతను భార్యాపిల్లల్ని చూడ్డానికి కూడా రావొద్దన్నాడు. ఇక రమ్మని చెప్పొచ్చు. ఇద్దరూ కూర్చుని మూడు గంటలు మాట్లాడుకుంటారు.

ఈ ఘట్టం నన్ను కదిలించిన మాట నిజమే. కానీ చదివాక ఎక్కువగా ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. ఒక ప్రభుత్వం చంపాలని నిర్ణయించిన మనిషికి ఆ ఒక్క మాట చేరవెయ్యడానికి ఒక విద్యార్థి రావాల్సి వచ్చింది.

దీనికి కారణం చట్టంలోనే ఉంది. లాయర్ని పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి ప్రభుత్వమే లాయర్ని ఇవ్వాలని అమెరికా సుప్రీంకోర్టు 1963లో గిడియన్ కేసులో చెప్పింది. అదే కోర్టు 1989లో జియారాటానో కేసులో, శిక్ష పడి అప్పీలు ముగిశాక రాష్ట్ర కోర్టుల్లో నడిచే ప్రక్రియకు ఆ హక్కు లేదంది, ఖైదీ మరణశిక్ష పడినవాడైనా సరే. అక్కడి ఖాళీలో కొంత స్వచ్ఛంద సంస్థలూ లా స్కూళ్ళూ పూడ్చుకొచ్చాయి. 1992లో బారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ మొదలుపెట్టిన ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ కూడా న్యూయార్క్‌లోని కార్డోజో లా స్కూల్లో, విద్యార్థులు పనిచేసే క్లినిక్‌గానే పుట్టింది.

మన దగ్గర కాగితం మీద పరిస్థితి మెరుగే. ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పే 39ఏ అధికరణం 1976లో రాజ్యాంగంలోకి వచ్చింది. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలో ఆ పేరుతోనే ప్రాజెక్ట్ 39ఏ నడిచింది. ఇప్పుడా పని హైదరాబాద్ నల్సార్‌లో స్క్వేర్ సర్కిల్ క్లినిక్‌గా సాగుతోంది. 2016లో ఆ యూనివర్సిటీ నుంచి వచ్చిన డెత్ పెనాల్టీ ఇండియా రిపోర్ట్, అధ్యయన కాలంలో ఉరిశిక్ష కింద ఉన్న 385 మందిలో 373 మంది వివరాలు సేకరించింది. జైళ్ళకూ ఇళ్ళకూ తిరిగి ఆ ఇంటర్వ్యూలు చేసినవాళ్ళలో విద్యార్థులే ఎక్కువ. ఆ ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా బలహీనులని తేలింది. అంతకుముందు ఇవి ఒక్కచోట ఎవరూ రాసిపెట్టలేదు.

మొదటి ప్రశ్నకు వస్తాను. మేం ఇంటర్న్‌ని సర్వర్ దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం, అక్కడ చేయి తిరిగినవాళ్ళు పదిమంది ఉండటం. పేద ఖైదీ ఫైలు దగ్గర చాలాసార్లు ఎవరూ ఉండరు. అక్కడ విద్యార్థి కూర్చునేది అనుభవజ్ఞుడి కుర్చీలో కాదు, ఖాళీ కుర్చీలో. అందుకే ఆ పని మంచిదంటాను. అందుకే ఆ ఏర్పాటు సిగ్గుచేటనీ అంటాను. ఈ రెంటిలో ఒకటి ఒప్పుకుని రెండోది వదిలేస్తే లెక్క తప్పుతుంది.

నేరం నిజంగా చేసినవాడైతేనో? నిర్దోషి విడుదలైన కథ అందరికీ నచ్చుతుంది. 1993లో చిలకలూరిపేట దగ్గర దోపిడీకని బస్సుకు నిప్పుపెడితే 23 మంది చనిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. ఉరి తేదీ దాకా వచ్చి ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆ 23 మంది ఇంటివాళ్ళ ముందు నిలబడి వీళ్ళ బాల్యం గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు. కానీ నేరాన్నే కాక నేరస్తుణ్ణి కూడా చూడాలని సుప్రీంకోర్టు 1980లో బచన్ సింగ్ కేసులోనే చెప్పింది. అతని బతుకు వివరాలు ట్రయల్ దశలోనే కోర్టు ముందుకు రావాలని 2022లో మనోజ్ కేసులో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ వివరాలు వాటంతటవే రావు. ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి. అడగడమంటే నేరాన్ని చిన్నది చెయ్యడం కాదు. మన పేరు మీద ప్రభుత్వం ఎవర్ని చంపబోతోందో పూర్తిగా తెలుసుకోవడం.

నాకు గట్టిగా తోచే అభ్యంతరం ఇంకొకటుంది. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో హౌస్ సర్జన్లు పేదల ఒంటి మీదే పని నేర్చుకుంటారు. తర్వాత ఆ చెయ్యి కార్పొరేట్ ఆసుపత్రికి పోతుంది. లా విద్యార్థి కూడా అంతే కదా? ఖైదీ కష్టం ఇతని రెజ్యూమెలో ఒక లైను, లింక్డిన్‌లో ఒక పోస్టు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొన్ని షరతులు మాత్రం తోస్తాయి. ఆరు వారాల్లో వెళ్ళిపోతానని మొదటిరోజే ఖైదీకి చెప్పాలి. నిలబెట్టుకోలేని ఆశ పెట్టకూడదు. రాసుకున్న నోట్స్ తర్వాత వచ్చేవాళ్ళకి అర్థమయ్యేలా అప్పజెప్పాలి. అతని కథ అతనిదే, మన అనుభవంగా అమ్ముకోకూడదు. పైన ఒక సీనియర్ ప్రతి పేజీకి బాధ్యత తీసుకోవాలి. ఇవేవీ లేకపోతే అది జైలు టూరిజమే.

చివరగా ఒక కేసు. 1994లో పుణెలో జరిగిన హత్యలకు రాజస్థాన్‌కి చెందిన ఒకతనికి 1998లో ఉరిశిక్ష పడింది. పై కోర్టులూ దాన్ని ఖాయం చేశాయి. 2023 మార్చిలో సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది. నేరం జరిగిననాటికి అతని వయసు పన్నెండేళ్ళ ఆరు నెలలని తేలింది. ఆ వయసువాడికి చట్టం వెయ్యగలిగిన గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. అతను జైల్లో గడిపింది 28 ఏళ్ళకు పైనే. కోర్టు కాగితాల్లో ఒక పేరుంది, ఊళ్ళో స్కూలు రిజిస్టర్లో ఇంకో పేరుంది. ఇద్దరూ ఒకరేనని, ఆ పుట్టినతేదీ ఇతనిదేనని నిరూపించడమే కేసు. అతని తరఫున నిలబడింది ప్రాజెక్ట్ 39ఏ లాయర్లు.

ఆ రిజిస్టర్ ఎవరూ దాచిపెట్టింది కాదు. అతన్ని అరెస్టు చేసిన రోజున కూడా అది ఆ స్కూల్లోనే ఉంది. పోలీసులు, ప్రాసిక్యూటర్, డిఫెన్స్ లాయరు, జడ్జీలు, అందరూ జీతమో ఫీజో తీసుకునే పనిచేశారు. అలాంటివాళ్ళను ఎలా డిఫెండ్ చేస్తారని లా విద్యార్థుల్ని అడుగుతుంటాం. అడగొద్దనను. కాకపోతే ఆ పేజీ తెరవడం ఎవరి ఉద్యోగం అన్న ప్రశ్న దానికంటే ముందు అడగాలి. ఆ ఉద్యోగం చెయ్యాల్సినవాళ్ళకి మనమే పన్నులు కడుతున్నాం.