చేసిపెట్టాలా? దారి చూపాలా?

ఆఫీసులో జూనియర్ వచ్చి "అన్నా, ఇది నా వల్ల కావట్లేదు" అంటే ఏం చేస్తారు? మనమే చేసిపెడితే పని త్వరగా అయిపోతుంది. కానీ రేపు మళ్లీ మన దగ్గరికే వస్తారు.

కురుక్షేత్రంలో అర్జునుడు గాండీవం వదిలేసి కూర్చుంటే కృష్ణుడు దాన్ని తను అందుకోలేదు. ప్రతి సందేహానికీ ఓపిగ్గా బదులిచ్చి, చివరికి 18వ అధ్యాయం 63వ శ్లోకంలో నిర్ణయాన్ని అతనికే వదిలేశాడు.

అదే కృష్ణుడు, భగదత్తుడు వైష్ణవాస్త్రం వేసినప్పుడు ఉపదేశం మొదలుపెట్టలేదు. అడ్డం వచ్చి తన రొమ్ము మీద తీసుకున్నాడు. ఎందుకంటే దాన్ని ఆపడం అర్జునుడి వల్ల అయ్యే పని కాదు.

కాబట్టి ముందు చూడాల్సింది ఒక్కటే: ఎదుటివాళ్లు భయంతో ఆగారా, లేక అది నిజంగానే వాళ్ల శక్తికి మించిందా? భయమైతే పక్కన కూర్చుని మాట్లాడండి, విల్లు మాత్రం వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. క్లయింట్ కాల్‌లో అందరూ వాళ్ల మీద విరుచుకుపడుతుంటే మాత్రం మీరే అడ్డం నిలబడండి.

జై శ్రీకృష్ణ!