హాజరగుట యన నేమి?

సభకు హాజరగుట యనగా మనిషి వచ్చి చాపమీద కూర్చుండుటయే యని మా పెద్దలెరుగుదురు. మగ్గపు పనికై తెలంగాణము నుండి షోలాపురము చేరి జోడ్‌భావి పేటలో స్థిరపడిన మన కుటుంబములలో తగవైనను, పెండ్లి మాటయైనను పదిమంది యెదుటనే తేలెడిది. 2020 మార్చి 25 నుండి దేశమెల్ల మూతపడగా మరమగ్గములు ఆగినవి. సభలు మాత్రము చేతిఫోనులోనికి ప్రవేశించినవి.

ఇది తప్పని నేననను. భివండి, సూరతులందున్న బంధువులు బండిఖర్చు లేకయే వీడియో సభలలో పాల్గొనిరి. మునుపు వెనుక వరుసలో నోరు మెదపని స్త్రీలు కొందరు వంటయింటి నుండి మాటలాడిరి. కుక్కరు ఈలయు అప్పుడప్పుడు తన అభిప్రాయము చెప్పుచుండెను. ఈ మేలును కాదనుట కృతఘ్నత.

న్యాయశాస్త్రమును దీనిని అంగీకరించినది. మన మహారాష్ట్రము నుండి వెళ్ళిన యొక వ్యాజ్యములో, అమెరికాలోని వైద్యుడు తెరపై సాక్ష్యమిచ్చినను నిందితుని సమక్షమున ఇచ్చినట్లే యగునని సుప్రీంకోర్టు 2003లోనే తీర్పు చెప్పెను. ఏలయన సాక్షి కనబడును, వినబడును గూడ. 2013 నాటి కంపెనీల చట్టము డైరెక్టర్లు ఇట్లు పాల్గొనవచ్చుననుచునే, ఆ సాధనము వారి పాల్గొనుటను గుర్తించి నమోదు చేయగలదై యుండవలెనని నియమించినది.

వినబడుట యను ఆ రెండవ షరతును నేను విడిచిన దినమొకటి కలదు.

గుమాస్తాగిరీ చేసినవాడనని ఒక చిన్న సహాయనిధి వారు సభావృత్తాంతము వ్రాయు పని నాకప్పగించిరి. 2021లో ఫోనులోనే సభ జరిగినది. సంవత్సరముగా చందా చెల్లింపని వారి పేర్లు తొలగింపవలెనని తీర్మానము. అట్టివారిలో బీడీలు చుట్టు నొక వితంతువు గలదు. కుమారుని ఫోనులో ఆమె ముఖము కనబడుచుండెను, పెదవులు కదలుచుండెను, ధ్వని రాలేదు. "ఆక్షేపణ గలదా?" యని అధ్యక్షులడిగిరి. ఎవరును పలుకలేదు. మౌనము అర్ధాంగీకారమను మాట నాకు సులువుగా అక్కరకు వచ్చినది. "ఏకగ్రీవముగా" అని వ్రాసితిని.

మూడవనాడు ఆమె మా గడపకు వచ్చి, "అన్నా, నేను మాట్లాడింది రాయలేదేంది?" అని అడిగినది. వినబడలేదంటిని.

"ఇనపడలేదు సరే. నా నోరు కదిలేది కనపడలేదా?"

కనబడినది. చిక్కంతయు అందే యున్నది. చాపమీది సభలో ఒకరు నోరు తెరచి మాట పెగలక తడబడిన యెడల, ప్రక్కనున్నవాడు "ఆమె ఏదో చెప్పుచున్నది, ఆగుడు" అనును. తెరపై ఎవరి గడిలో వారే, ప్రక్కవాడు లేడు. మరి వాని ధర్మము ఎవరికి సంక్రమించును? చూచినవానికే గదా! యంత్రదోషమనుట సగమే నిజము. నేను చూచియు, పని త్వరగా ముగియవలెనని కలము కదపితిని.

పుస్తకములో ఆ మాట కొట్టివేయుదమనుకొంటిని. కాని సభ తీర్మానమును వ్రాయసగాడు ఒంటిగా దిద్దుట మరియొక తప్పు. కావున మరుసటి సభలో సంగతి చెప్పితిని. అదియు ఫోను సభయే. "ఒక్కరి కొరకు మరల మొదలా?" యని కొందరు విసుగుకొనిరి. అయినను తీర్మానమును మరల చర్చకు పెట్టిరి. ఈసారి ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచితిని; గొంతు వినబడిన తరువాతనే పేరునకెదురుగా గీత గీచితిని. ఆమె వంతు వచ్చినప్పుడు మరల ధ్వని లేదు. అందరము వేచియుంటిమి. కుమారుడేదో నొక్కెను.

"పోయినేడు బీడీ పని బందుండె. చందా యేడికెల్లి కట్టాలె అన్నా?"

ఆమె మొదటి సభలో చెప్పినదియు ఈ మాటయేనట. ఉన్నదున్నట్లుగా వ్రాసికొంటిని.