పిల్లల నడక ఎంతో అంతే

వాక్యభాగం: ఆదికాండము 33:12–17

నర్సీపట్నంలో మే నెల ఉక్క గురించి నర్సీపట్నం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఘాటెక్కి చింతపల్లి వైపు పోతే కాస్త గాలైనా ఆడుతుంది. కింద మనకి పొద్దున్న ఎనిమిదింటికే చొక్కా వీపుకి అంటుకుపోతుంది. కరెంటు పోయిందంటే ముసలీ ముతకా అందరం గుమ్మంలోకి వచ్చేస్తాం. అలాంటి వేడిలో ఆరునెలల పిల్లాడి తలకి రోజుకి 23 గంటలు గట్టి ప్లాస్టిక్ హెల్మెట్ పెట్టి ఉంచాలని డాక్టరు చెబితే, ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. ఈ రోజు ధ్యానం ఆ ఇంటి కోసం. మనలో చాలామందికి అలాంటి హెల్మెట్‌తో పని పడదు. అయినా యాకోబు తన అన్న ఏశావుతో అన్న మాట ఒకటి ఆ ఇంట్లోనే బాగా అర్థమవుతుంది.

ముందు హెల్మెట్ సంగతి. పుట్టిన బిడ్డ పుర్రె ఎముకలు ఇంకా ఒకదానికొకటి అతుక్కుని ఉండవు. మాడు మెత్తగా కొట్టుకుంటూ ఉంటుంది. ఎప్పుడూ ఒకే పక్కకి తల వాల్చి పడుకుంటే ఆ పక్క చదునైపోతుంది. కడుపులో ఇరుకై పెరిగిన బిడ్డలకి, కవలలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి, మెడ కండరం ఒక పక్క బిగుసుకున్నవాళ్ళకి ఇది ఎక్కువగా వస్తుంది. చదునైన పక్క చెవి కొంచెం ముందుకి జరిగినట్టు కనిపిస్తుంది. తల్లి పట్టించుకోక ఇలా అయిందని నలుగురూ అనుకుంటారు గానీ చాలాసార్లు అందులో ఆమె తప్పేమీ ఉండదు. ఆ నింద వేసేవాళ్ళు మన ప్రార్థన కూటాల్లో కూడా ఉన్నారు.

1992లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పసిపిల్లలని బోర్లా నిద్రపుచ్చవద్దని చెప్పింది. 1994 నుంచి అక్కడ పెద్ద ఎత్తున ప్రచారం చేశారు. నిద్రలోనే కారణం తెలియకుండా చనిపోయే పసివాళ్ళ సంఖ్య తరవాతి ఏళ్ళలో సగానికి పడిపోయింది. వెల్లకిలా పడుకోవడం వల్ల తలలు చదునవడం మాత్రం పెరిగింది. ప్రాణం దక్కినదానికి ఇది పెద్ద ఖరీదు కాదు. కాబట్టి తల గుండ్రంగా రావాలని బిడ్డని బోర్లా నిద్రపుచ్చమని ఎవరైనా చెబితే వినకండి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి బోర్లా వేసి ఆడించండి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా పెద్దవాళ్ళు ప్రేమతో కుట్టిందే. కానీ నిద్రపోయే పసివాడి తల కింద ఏ దిండూ పెట్టవద్దని డాక్టర్లు చెబుతారు.

తల కాస్త చదునుగా ఉన్న ప్రతి బిడ్డకీ హెల్మెట్ అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో 84 మంది పిల్లలని రెండు జట్లు చేసి చూసి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఒక మోస్తరు నుంచి తీవ్రం దాకా చదునైన తలలకి హెల్మెట్ పెట్టినా పెట్టకపోయినా రెండేళ్ళ వయసుకి తేడా పెద్దగా కనిపించలేదు. మరీ తీవ్రంగా ఉన్న పిల్లలు ఆ లెక్కలో లేరు. పుర్రె అతుకులు ముందే మూసుకుపోయి, ఎండోస్కోపీతో ఆపరేషన్ చేయించుకున్న పిల్లల విషయం వేరు. వాళ్ళకి ఆ తరవాత నెలల తరబడి హెల్మెట్ చికిత్సలో భాగమే. ఎవరికి అవసరమో తేల్చవలసింది పిల్లల డాక్టరు, అదీ ఏడాది నిండకముందే. ఇక్కడ మాట్లాడుకునేది అవసరమని తేలిన బిడ్డ గురించి.

ఇప్పుడు వాక్యానికి వద్దాం. ఇరవై ఏళ్ళ తరవాత అన్నదమ్ములు కలుసుకున్నారు. ఏశావు నాలుగు వందల మందిని వెంటబెట్టుకొచ్చాడు. కౌగిలించుకున్నారు, ఏడ్చారు. అంతా అయ్యాక ఏశావు, పద, కలిసి పోదాం, నేను ముందు నడుస్తానంటాడు. యాకోబు ఒప్పుకోడు. పిల్లలు పసివాళ్ళని, మందలో పాలిచ్చేవి ఉన్నాయని, ఒక్క రోజు వడిగా తోలినా అవి చచ్చిపోతాయని చెబుతాడు. నువ్వు ముందు వెళ్ళు, నేను వీళ్ళు నడవగలిగినంత మెల్లగా వస్తానంటాడు. చివరికి యాకోబు శేయీరుకి వెళ్ళనే లేదు, సుక్కోతుకి పోయాడు. అన్నని తప్పించుకోడానికి చెప్పిన సాకు అది అనేవాళ్ళూ ఉన్నారు. సాకే కావచ్చు. కానీ గొర్రెలు కాసినవాడి నోట్లోంచి వచ్చిన సాకు కాబట్టి అందులోని లెక్క నిజం. పైగా అంతకుముందు రాత్రి యబ్బోకు రేవు దగ్గర ఒక మనిషితో జరిగిన పెనుగులాటలో తుంటి జారి అతనే కుంటుతున్నాడు. కుంటేవాడికి నడక సంగతి బాగా తెలుస్తుంది.

హెల్మెట్ విషయంలో కూడా మొదటి పాఠం అదే. 23 గంటలన్నారు కదా అని మొదటి రోజే 23 గంటలు పెట్టరు. సాధారణంగా మొదటి రోజు ఒక గంట పెట్టి ఒక గంట తీస్తారు. రెండో రోజు రెండు గంటలు పెట్టి ఒక గంట తీస్తారు. తరవాత నాలుగు గంటలు, ఆ తరవాత ఎనిమిది. అయిదో రోజుకి గానీ పూర్తి లెక్కకి రారు. ఆర్థోటిస్టుని, అంటే హెల్మెట్ కొలిచి అమర్చేవాళ్ళని బట్టి పట్టికలో కొంచెం అటూఇటూ ఉంటుంది. ఆత్రపడి ఒక రోజు ముందుకి లాగితే చర్మం ఊరుకోదు. జ్వరం వస్తే తీసేసి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టాలి. ఇక్కడ ఏశావు ఎవరో మీకు తెలుసు. ఖర్చు పెట్టాం కదా, తొందరగా ఫలితం కనిపించాలనే తండ్రి కావచ్చు, మనలో ఉండే కంగారు కావచ్చు.

రెండోది తీసి చూడటం. సాయంత్రం హెల్మెట్ తీసే ఆ ఒక్క గంట కోసం ఇల్లంతా కాచుకుని ఉంటుంది. వెల్క్రో పట్టీ చర్రుమని విడుతుంది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుని ఉంటుంది. చెవి పైన, మెడ వెనకాల, నుదుటి అంచున గులాబీ రంగు గీతలు ఉంటాయి. తల్లి టైము చూసుకుంటుంది. గంటలోపు ఆ ఎరుపు పోతే భయం లేదు. పోకపోయినా, పొక్కు లేచినా, చర్మం చెక్కుకుపోయినా హెల్మెట్ మళ్ళీ పెట్టకూడదు. ఆర్థోటిస్టుకి ఫోన్ చేసి లోపల అక్కడ కాస్త అరగదీయించాలి. మొదటి వారం పది రోజులు చెమట బాగా పడుతుంది. తరవాత ఒళ్ళు అలవాటు పడుతుంది. ఒంటిమీద ఒక పొర తక్కువే వేయాలి, పల్చటి నూలు జుబ్బా చాలు. చెమట పట్టినప్పుడల్లా తల, హెల్మెట్ లోపల రెండూ పొడి గుడ్డతో తుడవాలి. రోజూ ఒకసారి స్పిరిట్ తడిపిన గుడ్డతో లోపల తుడిచి, ఫ్యాన్ కింద బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా పెడితే వాసన, దురద, చెమటకాయలు తప్పవు. పౌడరు వేయకూడదు. పాలిచ్చేటప్పుడు ఆ గట్టి అంచు తల్లి మోచేతికి గుచ్చుకుంటుంది, కాబట్టి ఒక మెత్తటి తువ్వాలు మడిచి మధ్యలో పెట్టుకోవాలి. బిడ్డ సుఖం గురించి చెప్పేవాళ్ళలో చాలామంది ఈ చివరి సంగతి మరిచిపోతారు.

మామ్మగారితో వచ్చే పేచీ నూనె దగ్గర. కాళ్ళు చాపి, వాటిమీద పిల్లాణ్ణి పడుకోబెట్టి, మాడుకి ఆముదం పెట్టి నీళ్ళు పోయడం ఆవిడ చేతికి తెలిసిన ప్రేమ. ఆ నూనె హెల్మెట్ లోపలి మెత్తటి పొరకి పట్టేస్తుంది, చెమటతో కలిసి చర్మాన్ని ఒరుస్తుంది. ఆవిణ్ణి పక్కకి తప్పుకోమంటే ఆవిడా, కోడలూ ఇద్దరూ బాధపడతారు. ఒళ్ళంతా నూనె రాయండి, తల మాత్రం వదిలేయండి, స్నానం మీరే చేయించండి అంటే పని జరుగుతుంది. ఆ గంట స్నానానికి, ముద్దులకి, తల వాసన చూసుకోడానికి. పట్టికలో ఈ చివరిది రాయరు. కానీ తల్లికి కావలసింది అదే.

మూడో పాఠం నాకు అన్నిటికంటె ఇష్టమైనది. ఆ హెల్మెట్ తలని నొక్కి సరిచేస్తుందని అందరూ అనుకుంటారు. మన పాదు మీద పొట్లకాయకి రాయి కట్టి సాగదీసినట్టు కాదు అది. ఉబ్బెత్తుగా ఉన్నచోట తలకి ఆనుకుని ఉంటుంది. చదునుగా ఉన్నచోట లోపల ఖాళీ వదులుతుంది. పెరిగే తల ఆ ఖాళీలోకి పెరుగుతుంది. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లు ఉండే తల చుట్టుకొలత ఏడాదికి 46 దాకా వస్తుంది. అందులో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే. అందుకే వయసు దాటితే ఈ పని జరగదు. పెరుగుదల హెల్మెట్‌ది కాదు. కొరింథు సంఘానికి పౌలు, నాటేవాడు ఒకడు, నీళ్ళు పోసేవాడు మరొకడు, ఎదుగుదల మాత్రం దేవునిదని రాసినప్పుడు ఈ సంగతే చెప్పాడు. దేవుడు మనల్ని సరిచేయడమంటే ఎప్పుడూ బెత్తమే గుర్తొచ్చేలా మనకి నేర్పారు. ఆయన చదునైనచోట ఖాళీ వదిలి ఎదురుచూసే సందర్భాలు నేను ఎక్కువ చూశాను. ఉద్యోగం పోయినవాడికి, పెళ్ళి చెడినవాళ్ళకి ఆ ఖాళీ మొదట శిక్షలాగే ఉంటుంది. అది శిక్ష కాదని బయటివాళ్ళు చెప్పినా అప్పుడు చెవికెక్కదు, కాబట్టి నేనూ చెప్పబోను. పక్కన కూర్చుని చెమట తుడవడం మేలు.

ఖాళీ ఎక్కడుండాలో తెలియాలంటే కొలత ఆ బిడ్డదే కావాలి. అన్న తలకి చేసినది తమ్ముడికి పనికిరాదు. సౌలు రాజు తన ఇత్తడి శిరస్త్రాణం తీసి యుద్ధానికి వెళ్ళే దావీదు తలమీద పెట్టిన కథ మొదటి సమూయేలు 17లో ఉంది. జనమందరూ సౌలు భుజాల దాకానే వస్తారు, దావీదు కుర్రాడు. కొంచెం నడిచి చూసి, ఇది నాకు అలవాటు లేదని తీసేశాడు. సౌలు దుర్మార్గంతో పెట్టలేదు, మంచి మనసుతోనే పెట్టాడు. మన పిల్లల మీద మనం పెట్టే కొలతలు కూడా చాలావరకు అలా మంచి మనసుతో పెట్టినవే.

ఇక వీధి సంగతి. ఆర్టీసీ కాంప్లెక్సులో విశాఖ బస్సు కోసం నిలబడితే ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. “ఏటమ్మా, గుంటడి తలకి ఆ డిప్ప ఏటి? దెబ్బ తగిలిందేటి?” అంటారు. అడిగేవాళ్ళలో నూటికి తొంభైమంది జాలితో అడుగుతారు. ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంటుంది. రెండు ముక్కల్లో జవాబు సిద్ధంగా పెట్టుకోవడం మంచిది: “తల గుండ్రంగా రావడానికమ్మా, కొన్ని నెలలే.” సంఘంలో ఉన్నవాళ్ళం ఆ ప్రశ్న కూడా అడగక్కర్లేదు. ఆదివారం ఆరాధనలో ఫ్యాన్ కింద కుర్చీ ఆ తల్లికి వదిలేస్తే చాలు. నెల తరవాత కొలత చూపించడానికి మళ్ళీ విశాఖకో హైదరాబాదుకో పోవాలి, ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు ఉంటుంది. సంఘం కానుకల్లోంచి అందులో ఎంతో కొంత ఇవ్వగలం.

ఏశావుకి యాకోబు చెప్పిన జవాబు ఈ రోజు ఒకసారి మీ ఇంట్లో పైకి చదవండి. బడికి ఆలస్యమవుతోందని పిల్లల్ని తరిమే పూట చదివితే ఇంకా మంచిది.

ప్రార్థన

తండ్రీ, ఈ ఊళ్ళో ఈ ఎండలో హెల్మెట్ పెట్టుకున్న బిడ్డ చర్మం చెక్కుకుపోకుండా చూడు. రాత్రి కరెంటు పోకుండా చూడు. పోతే విసనకర్ర పట్టుకునే చేతికి ఓపిక ఇవ్వు. తల్లి మీద నింద వేసే మా నోళ్ళని ఆపు. మామ్మకి కోడలి మీద, కోడలికి మామ్మ మీద కోపం రానివ్వకు. ఆర్థోటిస్టు కొలత తప్పకుండా ఉండనివ్వు. మందలో చివర నడిచేవాళ్ళని విడిచి మేము ముందుకి పోకుండా మా కాళ్ళకి బరువు కట్టు. సాయంత్రం ఆ ఒక్క గంటా ఎవరూ ఫోన్ చేయకుండా చూడు. యేసు నామమున అడుగుతున్నాం, ఆమేన్.