కూలి వేరు, విశ్వాసము వేరు

1876వ సంవత్సరమున మొదలైన మహాక్షామమున, ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంతభాగమును త్రవ్వించు గుత్తను గైకొని, ఆకలిగొన్న జనులకు పని చూపి కూలి యిప్పించెను. అనేకులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఇయ్యలేదు. క్షామము తీరువరకు ఇయ్యలేదు. అన్నము కొరకే మతము పుచ్చుకొనిరను నింద ఆ దీనులపై పడరాదు. కూలి వేరు, విశ్వాసము వేరు. త్రవ్వించిన కాలువకంటె ఈ నిగ్రహమే నాకు గొప్పదిగా తోచును.

మేలునకు ప్రతిఫలము కోరని ఈ తీరు క్రీస్తునందును కలదు. ఆయన స్వస్థపరచిన పదిమంది కుష్ఠరోగులలో కృతజ్ఞత తెలుప మరలివచ్చినవాడు ఒక్కడే. అయినను తక్కినవారి స్వస్థతను ఆయన వెనుకకు తీసికొనలేదు. నేడు మన యింటి పనిమనిషికి జీతమిచ్చునప్పుడు, ఆమె వినయమునుగూడ ఆ రూకలతోనే కొనుచున్నామా? రేపామె మన మాటకు ఎదురాడినను, బిడ్డ చదువునకు సాయమడిగినచో, అదే మనసుతో ఇయ్యగలమా?