ఇరవై సెకన్లు

తునిలో మా ఇంట్లో ఒక అరవై నిమిషాల క్యాసెట్ ఉంది. మొదట అందులో తాతయ్య గొంతు ఉండేది. 1989లో నాన్న దాని మీద వివిధభారతి పాటలు రికార్డు చేశాడు. అప్పటికి తాతయ్య అరుగు మీదే ఉన్నాడు, ఏడాదికి పోయాడు. "పాటల కోసం ఆయన గొంతు చెరిపేశారు," అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

రికార్డు నొక్కితే, కొత్తది రాసే హెడ్డు కంటే ముందే పాతది చెరిపే హెడ్డు టేపుని తాకుతుంది. యంత్రానికి సందేహాల్లేవు. నాకున్నాయి. ఎదురుగా ఉన్న మనిషి గొంతు దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? తోచకపోవడం తప్పెలా అవుతుంది? నాన్న మాత్రం ఈ వాదన ఎప్పుడూ చెయ్యలేదు. ఆ పాటలూ మళ్లీ వినలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. రెండోవైపు చివర, పాట ఆగిపోయాక, ఇరవై సెకన్లు మిగిలాయి. గూడ్సుబండి చప్పుడు. దాని మీదుగా తాతయ్య: "ఒరేయ్, ఆకుల్లోకి సున్నం ఏదిరా?" (తుని తమలపాకు తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదట.)

న్యాయంగా ఇది నాన్నకి వినిపించాలి. కానీ మొత్తం పోయిందనుకునే ఆయన ఇన్నేళ్లూ సర్దుకున్నాడు. ఇది వింటే పోయినదెంతో తెలుస్తుంది. దాచేస్తే, ఈసారి చెరిపింది నేనవుతాను.

"పాటలు బాగానే వస్తున్నాయా?" అన్నాడు నాన్న, గుమ్మంలోంచి.

వస్తున్నాయన్నాను.