చందనావరణము

కొత్తవలస జంక్షనులో నిలుచున్నవానికి రెండు ప్రయాణములు కనబడును. ఒకటి 1960వ దశకమున వేసిన కిరండూలు మార్గమున బైలదిలా కొండల యినుపరాతిని సముద్రపు టొడ్డునకు దించుకొనిపోవు బండ్లది; రెండవది వైశాఖ శుద్ధ తదియనాడు పిల్లాపాపలతో, మూటాముల్లెలతో సింహాద్రి అప్పన్న నిజరూప దర్శనమునకై సాగిపోవు జనులది. కొండనుండి దిగిన రాయి మరల కొండ కెక్కదు. అప్పన్న మేనినుండి ఒలిచిన చందనము మాత్రము ఆ రాత్రియే క్రొత్తదై మరల వచ్చును. పూర్వుల సొత్తును పరిశోధించుట యెట్లు, నిలుపుకొనుట యెట్లు అని తలచినపుడెల్ల నా మనస్సు ఈ రెండు ప్రయాణముల నడుమనే తిరుగుచుండును.

పుట్టమన్నునుండి స్వామిని వెలికితీసిన పురూరవుడు ఆ మన్నునకు మారుగా చందనము పూయవలసినదిగా ఆజ్ఞ పొందెనని స్థలపురాణము. అర్చకులు వెండి బొరిగెలతో పూతను మెల్లగా ఒలిచి, ఒక్క దినము నిజరూపమును లోకమునకు చూపి, రాత్రి అభిషేకానంతరము మూడు మణుగుల పచ్చి చందనమును సమర్పింతురు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలయందు మరి మూడేసి మణుగులు చేరును. ఒకసారి చందనపు అరగదీత దగ్గర చాలసేపు నిలుచుంటిని. చెక్క అరుగుట కంటికి తెలియదు. సానమీద నీటిబొట్టు చిక్కనై, లేతపసుపు వన్నె తిరిగి, అంచున గంధమై పేరుకొనును. చేతులు ఆగినచో మణుగులు లేవు, మణుగులు లేనిచో ఆ రూపమునకు ఆచ్ఛాదనము లేదు.

ఆవరణము అజ్ఞానపు శక్తి యనియు, అది త్రాటిని మరుగుపరచినందుననే పాము తోచుననియు, ఆవరణభంగమే జ్ఞానమనియు అద్వైతులు బోధింతురు. పరిశోధకుడును స్వభావముచేత ఆ పక్షమువాడే: పొర కనబడిన ఒలువ గోరును, దిబ్బ కనబడిన త్రవ్వ గోరును. అప్పన్న సింహాచలమున మాత్రము ఆవరణము అనుగ్రహముగా నున్నది. పూరీ జగన్నాథాలయమున 1975లో సున్నపుపూత నొలుచుట మొదలిడగా అపూర్వ శిల్పములు బయల్పడినవి. ఆ శిల్పములే సముద్రపు టుప్పుగాలికి ఎదురై నిలువవలసివచ్చినవి. ఒలుచుట తప్పని నే ననను. ఒలిచినవాడు మరల కప్పు భారమును గూడ తలకెత్తుకొనవలెననియే నా విశ్వాసము. పురావస్తుశాస్త్రజ్ఞులు త్రవ్విచూచిన గోతిని మరల మట్టితో పూడ్చుటయు ఈ ధర్మమే కదా!

సింహాచల శాసనములలో ప్రాచీనమైనది 1099 నాటిది. అందు ఒక సామాన్యుడు స్వామికి తోట నిచ్చెను. రాజు కోట గాదు, తోట! పూచుచు వాడుచు మరల పూయుచుండు దానిని దేవుని కిచ్చిన ఆ మనుజుని వివేకము నన్ను కదలించును. అఖండదీపమునకై గోవులను, గొఱ్ఱెలను ఇచ్చిన దాతల తెలివియు ఇట్టిదే. తమిళ శాసనములు అట్టి మందను చావని, ముదియని గొఱ్ఱె లనును: ఒకటి చావగా దాని పిల్ల ఆ స్థానమున నిలుచును, లెక్క తరుగదు, నెయ్యి ఆగదు. దీపజ్వాల క్షణక్షణము వేరైనను ఒక్కటిగా తోచునని బౌద్ధులు చెప్పినది మన యనకాపల్లి చెంత బొజ్జన్నకొండ విహారములలోను చర్చింపబడియుండును. జ్వాల ఒక్కటియా, అనేకమా యను వాదము తెగకున్నను, నెయ్యి పోయువాడు లేనిచో వాదమునకు వెలుతు రుండదు.

అయితే కప్పుట వేరు, దాచుట వేరు. పవిత్రమను పేరుతో శాసనపు రాతిని చదువనీయక, సున్నము మెత్తి, పలకలు పరచి అక్షరములను చంపుట రక్షణ కాదు, ద్రోహము. తడికాగితమును రాతిపై పరచి, కుంచెతో తట్టి, సిరా అద్ది తీసిన ప్రతి చేతికి వచ్చును. రాయి ఉన్నట్లే యుండును. నాకు నచ్చిన పరిశోధనము అది.

ఇక చందనమే కరవగుచున్నది. చేవ పట్టుటకు దశాబ్దములు కావలెను. పైగా అది ఒంటరిగా పెరుగలేదు, ఇరుగుపొరుగు చెట్ల వేళ్ళను తన వేళ్ళతో పట్టుకొని వాని సారముతో బ్రదుకును. అందుచేతనే తెలిసినవారు చందనపు మొక్కను నాటునపుడు, ప్రక్కనే కంది విత్తును గూడ వేయుదురు.