నీళ్ళలోకి దిగే ముందు

ప్రియమైన మనవరాలికి,



ఈస్టర్‌కు బాప్తిస్మం తీసుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. నానమ్మ సంతోషం ఇంతా అంతా కాదు. నువ్వు ఫోన్‌లో అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. నాకు చెవులు సరిగా వినబడవు, పైగా అది ఫోన్‌లో తేలే సంగతి కాదు. "మనసులో విశ్వాసం ఉంటే చాలదా తాతా, నీళ్ళల్లో ఏముంది?" అన్నావు.

నీళ్ళల్లో ఏమీ లేదు బిడ్డా. మీ పట్నం చర్చిలో టైల్స్ పరిచిన తొట్టి అయినా, మన డిండి వాగు అయినా ఒకటే. యొర్దాను నీళ్ళని సీసాల్లో పోసి అమ్మేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాళ్ళకు నయమాను కథ ఒకసారి చదివి వినిపించాలి. సిరియా సేనాపతి అతను, కుష్ఠు పట్టినవాడు. మా దమస్కులో ఇంతకన్నా మంచి నదులు ఉండగా ఈ యొర్దానులో మునగడమేమిటని కోపంతో వెనక్కి తిరిగాడు. చివరికి అతను బాగుపడింది ఆ నది మహిమతో కాదు. పెద్దరికం పక్కనబెట్టి, చెప్పిన మాట విని దిగినందుకు.

అయినా బైబిల్ నిండా నీళ్ళే ఉన్నాయంటే అందుకు కారణం ఉంది. అది నీళ్ళకు కరువైన దేశంలో పుట్టిన పుస్తకం. ఇస్సాకు బాయి తవ్వితే గెరారు కాపరులు ఆ నీళ్ళు మావని తగువుకు వస్తారు. ఇంకోటి తవ్వితే దానికీ జగడమే. తండ్రి తవ్వించిన బాయిలను ఫిలిష్తీయులు మట్టి పోసి పూడ్చేశారు. బాయిలో వంతు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కిన పాలమూరులో ఈ అధ్యాయానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఏడాది పొడుగునా కాలవ పారే ఊళ్ళ నుంచి వచ్చిన పాస్టర్లు దాన్ని గబగబా చదివి దాటేయడం చూశాను.

మన సంఘంలో ముంచడం ఎందుకో తెలుసుకో. 1860లో దక్షిణ రష్యాలో మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖ నుంచి విడిగా వచ్చిన సహోదరులు, తల మీద నీళ్ళు పోస్తే చాలదు, మనిషి పూర్తిగా మునగాలని పట్టుబట్టారు. వాళ్ళలోంచి అబ్రహాం ఫ్రీసన్ దంపతులు 1889లో మన దేశం వచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టారు. తర్వాత అమెరికా నుంచి వచ్చినవాళ్ళు నాగర్‌కర్నూల్, వనపర్తి, కల్వకుర్తి, దేవరకొండల్లో మిషన్లు పెట్టారు. ముంచడమంటే కడగడం ఒక్కటే కాదు, పాతిపెట్టడం. నోవహు కాలంలో లోకాన్ని ముంచినవీ, ఎర్రసముద్రంలో ఫరో రథాలను మింగినవీ నీళ్ళే. పాత మనిషి అక్కడ చావాలి. రోమా పత్రిక ఆరో అధ్యాయం చెప్పేది అదే. కాబట్టి బాప్తిస్మం రోజు ఫొటోల మీద ధ్యాస పెట్టకు.

మన మెట్ట జిల్లాల్లో ముంచాలంటే నీళ్ళేవి? మా ఊరి చెరువు నిండితే చెరువులో, లేకుంటే మళ్ళీ వానలు పడేదాకా ఆగడమే. బాయిల్లో నీళ్ళుండేవి. కానీ వాటిలోకి మనల్ని దిగనిచ్చేదెవరు?

ఒకసారి మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పెద్దమనిషికి బాప్తిస్మం ఇచ్చారు. ఫ్లోరోసిస్‌తో ఆయన మెడ, నడుము కొయ్యబారిపోయాయి. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సిందే. మామూలుగా పాస్టరు మనిషిని వెల్లకిలా వంచి ముంచుతాడు కదా, ఆయన వంగడే. ఇద్దరు చంకల కింద చేతులు వేసి నిలువునా నీళ్ళలో కూర్చోబెట్టారు. నీళ్ళు తల మీదికి వచ్చాక లేపారు. గట్టు మీద ఎవరికీ కీర్తన అందుకోవాలనిపించలేదు. ఆయన్ని అలా చేసినవీ నీళ్ళే.

ఇశ్రాయేలీయులు అరణ్యంలో మూడు రోజులు నడిచి మారాకు చేరితే అక్కడి నీళ్ళు చేదు. నోట పోసుకోగానే తెలిసింది, మోషే మీద సణిగారు. మునుగోడు, మర్రిగూడ బోరు నీళ్ళకు ఆ చేదు లేదు. గ్రానైటు రాళ్ళలోంచి దిగిన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కాచినా పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటే కొన్ని బాయిల్లో అంతకు కొన్ని రెట్లుండేది. ముందు పిల్లల పళ్ళు గార పట్టేవి, తర్వాత మోకాళ్ళు వంకర పోయేవి. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఆ నీళ్ళను తేర్చే పద్ధతి కనిపెట్టింది. 'నల్లగొండ టెక్నిక్' పేరుతో అది టాంజానియా దాకా వెళ్ళింది. మన జిల్లా పేరు లోకానికి అట్ల తెలిసింది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి గానీ, వంగిన ఎముకలు మళ్ళీ తిన్నగా అయ్యేవి కావు.

మన సంఘాల్లో కులం ఈ ఫ్లోరైడ్ లాంటిది. రుచికి తెలియదు, ఎముకల్లో చేరుతుంది. ఒకే తొట్టిలో మునిగి లేచినవాళ్ళమే మాల చర్చి, మాదిగ చర్చి అని పేర్లు పెట్టుకున్నాం. పిల్ల పెళ్ళి మాట రాగానే, తొట్టిలో పాతిపెట్టామనుకున్న పాత మనిషి లేచి కూర్చుంటాడు. పీఠం మీద నుంచి ఇది చెప్పే పాస్టర్లు తక్కువ. చెప్పినవాళ్ళకు బదిలీ తొందరగా వస్తుంది.

యోహాను నాలుగో అధ్యాయం ఇంకోసారి చదువు. అందరూ జీవజలం అన్న మాట దగ్గర ఆగుతారు. నువ్వు దానికంటే ముందు ఆగు. మిట్టమధ్యాహ్నం బాయి దగ్గర యేసు చేతిలో చేద లేదు. సమరయుల పాత్ర యూదులు ముట్టరు. ఆయన మాత్రం ఆ సమరయ స్త్రీ కుండలోని నీళ్ళు తాగడానికి అడిగాడు. ఇచ్చేవాడిగా కాక, ముందు అడిగేవాడిగా వచ్చాడు. మన ముత్తాతలు దొర బాయి గట్టు కింద కుండ పెట్టుకుని, ఎవరైనా పైనుంచి పోస్తారా అని నిలబడ్డ ఊళ్ళివి. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగాడు. ఆ దృశ్యం, సమరయ స్త్రీ దృశ్యం నా మనసులో పక్కపక్కనే ఉంటాయి. ఇందులో తప్పుందనేవాళ్ళతో నేను వాదించను.

ఒంగోలు సంగతి మీ సండేస్కూల్లో చెప్పే ఉంటారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకె అందరికీ గుర్తే, దాని ముందు జరిగింది గుర్తుండదు. అది ధాత కరువు కాలం. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని కూలి పని ఇప్పించాడు. అన్నం కోసం ఎవరూ నీళ్ళలో దిగకూడదని కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ 2,222 కన్నా ఆ ఆపడమే గొప్పదని నాకనిపిస్తుంది.

నీకు కష్టమొచ్చినప్పుడు ఇంకో సంగతి గుర్తు తెచ్చుకో. నేనిచ్చే నీళ్ళు తాగినవాడికి మళ్ళీ దాహం వేయదన్నవాడే సిలువ మీద దాహమన్నాడు. పక్కలో ఈటె దిగితే రక్తంతో పాటు నీళ్ళు వచ్చాయి. ఆయన్ని నమ్ముకున్నవాళ్ళకు ఎండకాలం రాదని ఎవరైనా ప్రసంగిస్తే, మర్యాదగా లేచి బయటికి వచ్చేయ్.

ఇక అసలు మాట. గిన్నెలు తోమే ఆమెకు మీ ఫ్లాటులో విడిగా ఒక స్టీలు గ్లాసు పెట్టారని, అది కిటికీ పట్టీ మీద బోర్లించి ఉంటుందని నువ్వే మాటల మధ్యలో నానమ్మతో అన్నావు. అది నువ్వు పెట్టలేదు, నాకు తెలుసు. అయినా మీ స్నేహితురాళ్ళతో మాట్లాడి ఆ గ్లాసు తీసేయించు. మీ గ్లాసులోనే ఆమెకు నీళ్ళివ్వు, ఆమె ఇస్తే తాగు. ఈస్టర్ దాకా ఆగకు.

ప్రేమతో,
తాత
దేవరకొండ